ఒక్కరి ఫైలు ఇరుక్కుంటే అందరి సర్వర్ ఆపొద్దు: సాంబాను కమాండ్ లైన్ నుంచి నడిపించే సమగ్ర మార్గదర్శి

అనంతపురంలో సుభాష్ రోడ్డు, కమలానగర్ వైపు చాలా ఫోటో స్టూడియోల్లో, ఫ్లెక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో ఒక మూలన మానిటర్ లేని డబ్బా ఒకటి నడుస్తూ ఉంటుంది. దాంట్లో ఉబుంటు లినక్స్, పెద్ద హార్డ్ డిస్కు, ఆ డిస్కులోని ఫోల్డర్లను షాపులోని విండోస్ కంప్యూటర్లకు పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్. పెళ్ళి వీడియోలు, ఆల్బం డిజైన్లు, బుకింగ్ లెక్కలు అన్నీ అందులోనే. ఏదైనా ఇరుక్కుంటే చేసే వైద్యం ఒకటే: పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. కాస్త తెలిసినవాళ్ళయితే రీస్టార్ట్ కమాండ్ కొడతారు. ఎలా చేసినా, ఒకరి ఇబ్బంది తీర్చబోయి కాపీ అవుతున్న మిగతావాళ్ళ ఫైళ్ళు మధ్యలో తెంపడమే.

సాంబాకు ఇంత మోటు వైద్యం అక్కర్లేదు. ఎవరి కనెక్షన్ ఏదో విడివిడిగా చూడొచ్చు, ఒక్కదాన్నే తెంచొచ్చు, ఎవరినీ కదిలించకుండా సెట్టింగులు మార్చొచ్చు. టెర్మినల్ తెరిచి నాలుగు కమాండ్లు కొట్టడం వస్తే చాలు.

ముందు ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. స్పేస్ ఇచ్చిన చోటే స్పేస్. ఎస్ఎంబీడీ అంటే ఎస్, ఎం, బీ, డీ నాలుగక్షరాలూ కలిపి. సిస్టమ్‌సీటీఎల్ అంటే సిస్టమ్ అనే మాటకు సీ, టీ, ఎల్ అంటించినది. మిగతావీ అంతే.

ముందు, లోపల ఎవరెవరున్నారు

సాంబాను 1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టాడు. బయటికి ఒకే సాఫ్ట్‌వేర్‌లా కనిపిస్తుంది గానీ లోపల పని పంచుకునే ప్రధాన డీమన్లు (తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాములు) మూడు.

ఎస్ఎంబీడీ అసలు పనిమంతుడు. ఫైళ్ళు ఇవ్వడం, తీసుకోవడం, పాస్‌వర్డ్ చూడటం, ప్రింటర్ పంచడం దీని పని. టీసీపీ 445 పోర్టు మీద, పాత పద్ధతి కోసం 139 మీద వింటుంది. ఎన్ఎంబీడీ పేర్ల సంగతి చూస్తుంది, అంటే నెట్‌వర్క్‌లో ఫలానా పేరున్న మెషీన్ ఏదని అడిగితే పాత నెట్‌బయోస్ పద్ధతిలో జవాబిస్తుంది. దీనివి యూడీపీ 137, 138. మూడోది విన్‌బైండ్‌డీ. విండోస్ డొమైన్ యూజర్లను లినక్స్‌కు పరిచయం చేయడం దాని పని. అయిదారు కంప్యూటర్ల షాపుకు దాని అవసరం రాదు, కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

గుర్తుపెట్టుకోవాల్సింది ఎస్ఎంబీడీ నడిచే తీరు. ప్రధాన ప్రాసెస్ గుమ్మం దగ్గర ఉండి, కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడల్లా దానికోసం ఇంకో ఎస్ఎంబీడీని పుట్టిస్తుంది. నాలుగు ఎడిటింగ్ సిస్టమ్‌లు కలిసి ఉంటే వాటికి నాలుగు ప్రాసెస్‌లు, ఒక్కోదానికి వేరే పీఐడీ, అంటే ఆ ప్రాసెస్ గుర్తింపు నంబరు. కింద చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

సర్వీసు పేరు ఒక్కో లినక్స్‌లో ఒక్కోలా ఉంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఎస్ఎంబీడీ, ఎన్ఎంబీడీ. ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో చివరి డీ ఉండదు, ఎస్ఎంబీ, ఎన్ఎంబీ అంతే. "యూనిట్ దొరకలేదు" అని వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. నేను ఉబుంటు పేర్లే వాడుతున్నాను.

మొదటి మెట్టు: ముట్టుకోకముందు చూడండి

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్ఎంబీడీ

ఇది కొడితే వచ్చే నాలుగైదు లైన్లు ఓపిగ్గా చదవండి. యాక్టివ్ అన్నచోట రన్నింగ్ అని పచ్చగా ఉంటే సర్వర్ బతికే ఉంది. ఫెయిల్డ్ అని ఎర్రగా ఉంటే లేవలేకపోయింది, కారణం అడుగున ఉన్న లాగ్ లైన్లలో (జరిగింది జరిగినట్టు రాసిపెట్టే లైన్లు) దొరుకుతుంది. లోడెడ్ లైనులో ఎనేబుల్డ్ అని ఉందో లేదో కూడా చూడండి. డిజేబుల్డ్ అని ఉంటే ఇప్పుడు నడుస్తున్నా, రేపు కరెంటు పోయి వచ్చాక తనంతట తాను లేవదు. దానికి మందు:

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ ఎస్ఎంబీడీ

నౌ ముందు రెండు గీతలు. బూట్‌లో లేవమని చెప్పడమే కాక, ఇప్పుడు పడుకుని ఉంటే వెంటనే లేపుతుంది కూడా.

అదే స్టేటస్‌లో మెయిన్ పీఐడీ అని ఒక నంబరు ఉంటుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. దాని కింద చెట్టులా ఇంకొన్ని ఎస్ఎంబీడీలు కనబడతాయి. అవన్నీ మీ షాపు కంప్యూటర్లవి అనుకోవద్దు. నోటిఫైడీ, క్లీనప్‌డీ అని సాంబా తన సొంత పనుల కోసం పెట్టుకున్న సహాయకులు కూడా అందులోనే ఉంటాయి. నిజంగా ఎవరు కలిసి ఉన్నారో తెలియాలంటే:

సుడో ఎస్ఎంబీస్టేటస్ -పీ

ఇందులో ఒక్కో లైనుకు పీఐడీ, యూజర్ పేరు, గ్రూపు, ఏ మెషీన్, దాని ఐపీ, ఏ ప్రోటోకాల్ వెర్షన్ అన్నీ వస్తాయి. పీ బదులు పెద్ద ఎస్ పెడితే ఎవరు ఏ షేర్‌లో (పంచిన ఫోల్డర్‌లో) ఉన్నారో, పెద్ద ఎల్ పెడితే ఏ ఫైళ్ళు తెరిచి ఉన్నాయో చూపిస్తుంది. రూటు (అడ్మిన్) హక్కు లేకుండా కొడితే పూర్తి సమాచారం రాదు, అందుకే ముందు సుడో.

సర్వర్ నడుస్తోందంటుంది, బయటివాళ్ళకు అందదు. అప్పుడు పోర్టు చూడాలి.

సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ

వచ్చిన జాబితాలో 445 ఎదురుగా ఎస్ఎంబీడీ కనబడితే సర్వర్ తప్పు లేదు, ఫైర్‌వాల్‌నో కేబుల్‌నో చూసుకోవాలి. ఉబుంటు ఫైర్‌వాల్ వాడుతుంటే "సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ సాంబా" అంటే కావాల్సిన పోర్టులన్నీ తెరుచుకుంటాయి. ఇదంతా షాపు లోపలి నెట్‌వర్క్‌కే. ఇంటి నుంచి ఫైళ్ళు చూసుకుందామని రౌటర్‌లో 445ను బయటికి తెరిచేవాళ్ళు ఉన్నారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు, బయట నుంచి కావాలంటే వీపీఎన్ పెట్టుకోండి.

రెండో మెట్టు: సెట్టింగు మార్చారా? రీస్టార్ట్ కాదు, రీలోడ్

కొత్త షేర్ కలపాలి. /ఈటీసీ/సాంబా/ఎస్ఎంబీ.కాన్ఫ్ ఫైలు చివర ఇలా రాశారనుకోండి:

[పెళ్లి]
పాత్ = /ఎస్ఆర్‌వీ/పెళ్లి
రీడ్ ఓన్లీ = నో
వ్యాలిడ్ యూజర్స్ = @ఎడిటర్స్

సేవ్ చేయగానే రీలోడ్ మీదికి వెళ్ళకండి. ముందు:

టెస్ట్‌పార్మ్ -ఎస్

దీన్ని లాంఛనం అనుకుని దాటేసేవాళ్ళే ఎక్కువ. పై నాలుగో లైనులో యూజర్స్ చివరి ఎస్ మరిచి యూజర్ అని రాశారనుకుందాం. సాంబా ఆగిపోదు, గొడవ చేయదు. ఆ మాట తనకు తెలియదు కాబట్టి ఆ లైను లేనట్టే ముందుకు పోతుంది. షేర్ తెరుచుకుంటుంది, ఎడిటర్లకే అని మీరు పెట్టిన కట్టుబాటు మాత్రం ఉండదు. పాస్‌వర్డ్ ఉన్న ప్రతివాడూ లోపలికి వస్తాడు, ఫోల్డర్ పర్మిషన్లు ఆపితే తప్ప. అంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. టెస్ట్‌పార్మ్ మాత్రం మొదట్లోనే "అన్‌నోన్ పారామీటర్" అని ఆ లైను చూపించి పట్టిస్తుంది.

అది శుభ్రంగా వచ్చాక:

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ ఎస్ఎంబీడీ

ఎవరి కనెక్షనూ తెగదు. నిజానికి ఏమీ చేయకపోయినా ఎస్ఎంబీడీ దాదాపు మూడు నిమిషాలకోసారి ఫైలు మారిందేమో చూసుకుని తానే చదువుకుంటుంది. అందుకే సగం రాసిన ఫైలు సేవ్ చేసి టీకి వెళ్ళడం మంచిది కాదు. పక్కన కాపీ తీసుకుని, అందులో మార్చి, ఆ కాపీ పేరును టెస్ట్‌పార్మ్‌కు చివర ఇచ్చి పరీక్షించి, అప్పుడు అసలు చోట పెట్టండి.

రీలోడ్‌కు హద్దులున్నాయి. ఇప్పటికే షేర్ తెరుచుకుని లోపల ఉన్నవాళ్ళకు కొత్త నిబంధన అంటదు, మళ్ళీ కలిసినప్పుడే అంటుతుంది. సర్వర్ ఏ పోర్టు మీద, ఏ నెట్‌వర్క్ కార్డు మీద వినాలో మారిస్తే రీలోడ్ చాలదు, రీస్టార్టే చేయాలి.

మూడో మెట్టు: నడుస్తున్న డీమన్‌తో మాట్లాడటం

ఎస్ఎంబీకంట్రోల్ సాంబాతోపాటే వస్తుంది, అయినా వాడేవాళ్ళు తక్కువ. సిస్టమ్‌సీటీఎల్ బయట నుంచి తలుపు కొడుతుంది. ఎస్ఎంబీకంట్రోల్ లోపల నడుస్తున్న ప్రాసెస్‌కు నేరుగా సందేశం పంపుతుంది. వాడే తీరు: ముందు ఎవరికి, తర్వాత ఏం చెప్పాలి. ఎవరికి అన్నచోట ఎస్ఎంబీడీ, ఎన్ఎంబీడీ, ఆల్, లేదంటే ఒక పీఐడీ నంబరు.

సుడో ఎస్ఎంబీకంట్రోల్ ఎస్ఎంబీడీ పింగ్

"పాంగ్ ఫ్రం పీఐడీ" అని నంబరుతో జవాబొస్తే అది స్పృహలోనే ఉంది. ఎస్ఎంబీస్టేటస్‌లో చూసిన ఫలానా ఎడిటర్ పీఐడీ ఇచ్చి అడిగితే ఆ ఒక్క ప్రాసెస్ స్పందిస్తుందో లేదో తెలుస్తుంది. స్టేటస్ పచ్చగా ఉన్నా ఒక్క మెషీన్ మాత్రం నత్తనడక నడుస్తుంటే ఈ పరీక్ష చేయండి. జవాబు రాకపోతే ఆ ప్రాసెస్ డిస్కు దగ్గర ఇరుక్కుని ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు చూడాల్సింది హార్డ్ డిస్కు ఆరోగ్యం.

కొత్త నిబంధన లోపల ఉన్నవాళ్ళకు అంటదన్నాను కదా. దానికి మందు ఇది:

సుడో ఎస్ఎంబీకంట్రోల్ ఎస్ఎంబీడీ క్లోజ్-షేర్ పెళ్లి

పెళ్లి అనే ఆ ఒక్క షేర్ మీదున్న కనెక్షన్లు మూసుకుంటాయి, వేరే షేర్లలో ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. అనుమతి ఉన్నవాళ్ళ విండోస్ మళ్ళీ ఆ ఫోల్డర్ తెరిచినప్పుడు తానే కలుస్తుంది. అనుమతి తీసేసినవాళ్ళు ఈసారి బయటే ఉంటారు. షేర్ పేరు బదులు నక్షత్రం గుర్తు పెడితే అన్ని షేర్లూ మూతపడతాయి, కాబట్టి దాన్ని కోట్స్‌లో పెట్టి, ఒకటికి రెండుసార్లు చూసి కొట్టండి.

ఒకే మెషీన్‌ను దించేయాలంటే, కొత్త వెర్షన్లలో:

సుడో ఎస్ఎంబీకంట్రోల్ ఎస్ఎంబీడీ కిల్-క్లయింట్-ఐపీ 192.168.1.24

షట్‌డౌన్ అనే సందేశం కూడా ఉంది గానీ దాన్ని వాడకండి. సర్వీసును సిస్టమ్‌డీ (సిస్టమ్‌సీటీఎల్ ఆదేశాలు అందుకునే లినక్స్ మేనేజరు) చూసుకుంటున్నప్పుడు ఆపడం, లేపడం దాని ద్వారానే జరగాలి. లేకపోతే అది ఒకటనుకుంటుంది, ఇక్కడ జరిగేది ఇంకొకటి.

నాలుగో మెట్టు: ఇరుక్కున్న ఫైలు

ముహూర్తాల సీజన్. ఎండాకాలం మధ్యాహ్నం రెండు నిమిషాలు కరెంటు పోయి వచ్చింది. సర్వర్‌కు యూపీఎస్ ఉంది, ఎడిటింగ్ సిస్టమ్‌లలో ఒకదానికి లేదు. అది ఠపీమని ఆగిపోయింది. పోయే ముందు సర్వర్‌కు చెప్పి పోలేదు కదా, అందుకని ఆ కనెక్షన్ ఇంకా బతికే ఉందని ఎస్ఎంబీడీ అనుకుంటోంది. దాని చేతిలో ఉన్న బుకింగ్స్ ఎక్సెల్ ఫైలు లాక్ అలాగే ఉంది. ఇంతలో కౌంటర్ నుంచి కేక:

"అన్నా, బుకింగ్ షీట్ ఓపెన్ చేస్తే రీడ్ ఓన్లీ అంటాంది. పార్టీ వాళ్ళు ముందరే కూర్చున్నారు."

"రెండు నిమిషాలు ఉండు. ఎవురి దాంట్లో ఇరుక్కుందో చూస్తాండా."

చూడాల్సింది ఇలా:

సుడో ఎస్ఎంబీస్టేటస్ -ఎల్

ఎల్ పెద్దది. వచ్చిన పట్టికలో మొదటి గడి పీఐడీ. రెండో గడిలో యూజర్ పేరు కాక అతని ఐడీ నంబరు ఉంటుంది, 1001, 1002 లాంటివి. తర్వాత డినై మోడ్, చదవడానికా రాయడానికా అన్న గడి, షేర్ దారి, ఫైలు పేరు, ఎప్పుడు తెరిచారు. ఫైలు పేరు ఉన్న లైనులో డినై మోడ్ దగ్గర డినై_రైట్ అని ఉంటే ఇతరులను రాయనివ్వకుండా పట్టుకున్నది అదే. దాని పీఐడీ 4821 అనుకుందాం. ఎవరిదో పేరుతో తెలియాలంటే ఎస్ఎంబీస్టేటస్ -పీ లో 4821 లైను చూడండి. మెషీన్ పేరు, ఐపీ దొరుకుతాయి.

ఇక్కడ ఆగి ఆ మెషీన్ దగ్గరున్న మనిషిని పిలిచి అడగండి. కరెంటు పోయిన సిస్టమ్ అయితే సరే. నిజంగా ఎవరో తెరిచి పని చేస్తుంటే "కాస్త మూసేయండి సార్" అంటే అయిపోయేదానికి కనెక్షన్ తెంపడం దేనికి? పైగా ఒక మెషీన్ తెరిచిన అన్ని షేర్లూ, అన్ని ఫైళ్ళూ మామూలుగా ఒకే ప్రాసెస్ కింద ఉంటాయి. ఎక్సెల్ కోసం దాన్ని దించితే, అదే మెషీన్ ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేస్తున్న నలభై జీబీ వీడియో కూడా తెగుతుంది.

అక్కడ ఎవరూ లేరని తేలాక, 4821 మీరు రాసి పెట్టుకున్న మెయిన్ పీఐడీ కాదని చూసుకుని:

సుడో కిల్ 4821

ఏ నంబరూ పెట్టకుండా కిల్ అంటే అది టర్మ్ సిగ్నల్, 15వ నంబరు. తెరిచినవన్నీ సర్దుకుని పొమ్మని చెప్పడం. కొన్ని క్షణాలు ఆగి మళ్ళీ ఎస్ఎంబీస్టేటస్ చూడండి. లాక్ పోయి ఉంటుంది.

కిల్ -9 అలవాటున్నవాళ్ళు ఇక్కడ చేయి ఆపుకోవాలి. సాంబా ప్రాసెస్‌లన్నీ లాకుల లెక్కను ఉమ్మడిగా పంచుకున్న చోట రాసుకుంటాయి. 9 కొడితే ఆ ప్రాసెస్‌కు తన లెక్క సరిచేసుకునే వ్యవధి ఉండదు, మిగతావాళ్ళకు తప్పుడు లెక్క మిగలొచ్చు. సాంబా సొంత మాన్యువల్ పేజీ కూడా అది గత్యంతరం లేనప్పుడే అంటుంది.

లాక్ పోయినా ఎక్సెల్ ఇంకా ఫలానావారు వాడుతున్నారని మొండికేస్తే, అదే ఫోల్డర్‌లో టిల్డె (~), డాలర్ గుర్తులతో మొదలయ్యే చిన్న హిడెన్ ఫైలు మిగిలిందేమో చూసి తీసేయండి. అది ఆఫీసు సాఫ్ట్‌వేర్ పెట్టుకునేది, దానితో సాంబాకు సంబంధం లేదు.

ఐదో మెట్టు: రీస్టార్ట్ తప్పనప్పుడు

సాంబా అప్‌డేట్ అయినప్పుడు, పోర్టులు మార్చినప్పుడు రీస్టార్ట్ చేయాల్సిందే. ఎస్ఎంబీస్టేటస్ చూసి, కాపీలు జరుగుతుంటే అయ్యేదాకా ఆగి, అందరికీ ఒక మాట చెప్పి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్ఎంబీడీ

పోర్టులు మాత్రమే మార్చినప్పుడు ఎన్ఎంబీడీని దీనితోపాటు రీస్టార్ట్ చేయక్కర్లేదు.

మన ఊళ్ళలో ఇంతకంటే పెద్ద ప్రమాదం కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేచే తీరులో ఉంది. డేటా ఉన్నది విడి డిస్కు మీద. అది /ఎస్ఆర్‌వీ/పెళ్లి దగ్గర మౌంట్ కావాలి, అంటే ఆ ఫోల్డర్‌కు తగులుకోవాలి. ఏదో కారణాన అది ఆలస్యమైంది, లేక అసలు కాలేదు. సాంబాకు అదేమీ పట్టదు. ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ ఉంటే దాన్నే షేర్ చేస్తుంది. ఎడిటర్లు తెరిచి చూస్తే పాత పెళ్ళిళ్ళన్నీ మాయం, టెన్షన్. ఇంకా ఘోరం ఏంటంటే, గమనించకుండా కొత్త మెమరీ కార్డుల్లోని ఫైళ్ళు అందులోనే కాపీ చేస్తారు. అవి సిస్టమ్ డిస్కులో పడి దాన్ని నింపేస్తాయి. తర్వాత అసలు డిస్కు మౌంట్ కాగానే అవి దాని కింద దాగిపోయి కనబడవు.

డిస్కు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలు) ఉందని చూసుకుని:

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఎస్ఎంబీడీ

తెరుచుకున్న ఎడిటర్‌లో రెండు లైన్లు:

[యూనిట్]
రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎస్ఆర్‌వీ/పెళ్లి

యూనిట్‌లో మొదటి అక్షరం పెద్దది. రెండో లైను మాట మూడు ముక్కలు కలిపి రాసింది, ఆర్, ఎం, ఎఫ్ మూడూ పెద్దవి. ఇకపై ఆ డిస్కు మౌంట్ అయితేనే ఎస్ఎంబీడీ లేస్తుంది. కాకపోతే లేవదు, ఎడిటర్లకు షేర్ అసలు అందదు. ఖాళీ ఫోల్డర్ కనబడటం కంటే అదే నయం.

లాగ్‌లు

లేవలేదంటే మొదట అడగాల్సింది:

సుడో జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్ఎంబీడీ -బీ

ఈ బూట్‌లో జరిగినవన్నీ వస్తాయి. బీ బదులు ఎఫ్ పెడితే జరుగుతున్నవి జరుగుతున్నట్టే కదులుతాయి. సాంబా సొంత లాగ్‌లు /వీఏఆర్/లాగ్/సాంబా లో ఉంటాయి.

ఒక్క మెషీన్‌కే సమస్య ఉంటే మొత్తం సర్వర్‌ లాగ్ స్థాయి పెంచొద్దు, వేల లైన్ల మధ్య వెతుక్కోవాలి. దాని పీఐడీకి మాత్రమే పెంచండి:

సుడో ఎస్ఎంబీకంట్రోల్ 4821 డీబగ్ 5

డీబగ్‌లెవెల్ అని అడిగితే ఇప్పుడు ఎంత ఉందో చెబుతుంది. పని అయ్యాక డీబగ్ 1 అని దించండి. 10 పెడితే లాగ్ రాయడంలోనే సర్వర్ అలిసిపోతుంది.

నెట్‌వర్క్‌లో పేరు కనబడకపోతే

విండోస్‌లో నెట్‌వర్క్ మీద నొక్కితే సర్వర్ కనబడదు, ఐపీ కొడితే తెరుచుకుంటుంది. దీనికోసం ఎస్ఎంబీడీని తిట్టొద్దు. ఇప్పటి విండోస్ ఆ జాబితాను డబ్ల్యూఎస్-డిస్కవరీ పద్ధతిలో నింపుతుంది, ఎన్ఎంబీడీకి అది రాదు. డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న డీమన్ పెట్టుకుంటే కనబడుతుంది. లేదా ఐపీతోనే డ్రైవ్ మ్యాప్ చేసుకుంటే గొడవే లేదు.

దీని కోసం ఎస్ఎంబీ1 (ఫైళ్ళు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతికి పాత వెర్షన్) ఆన్ చేయమని సలహా ఇచ్చేవాళ్ళు తగులుతారు. వినొద్దు. 2017 మేలో ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన వాన్నాక్రై (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాకింది విండోస్ ఎస్ఎంబీ1లోని లోపం ద్వారానే. సాంబా కూడా 2019లో వచ్చిన 4.11 నుంచి దాన్ని ముందే మూసి ఇస్తోంది. స్కాన్ చేసి ఫోల్డర్‌లో పెట్టే పాత జిరాక్స్ మెషీన్ ఎస్ఎంబీ1 తప్ప ఇంకేమీ తెలియదంటే, దానికి ఎఫ్‌టీపీ ఉందేమో చూడండి. ఒక్క జిరాక్స్ మెషీన్ కోసం సర్వర్ గొళ్ళెం తీసిపెట్టాల్సిన పని లేదు.

మానేసిన మనిషి అకౌంటు

ఎవరైనా పని మానేస్తే:

సుడో ఎస్ఎంబీపాస్‌వర్డ్ -డీ యూజర్‌పేరు

ఇందులో ఒక తిరకాసు. ఆ కమాండ్ అసలు పేరులో పాస్‌వర్డ్ అని పూర్తిగా ఉండదు, ఎస్ఎంబీ తర్వాత పీ, ఏ, ఎస్, ఎస్, డబ్ల్యూ, డీ మాత్రమే. రెండోది, ఇది కొత్తగా లాగిన్ కాకుండా ఆపుతుంది, ఇప్పటికే లోపల ఉన్న సెషన్‌ను కదిలించదు. అతను వాడిన ల్యాప్‌టాప్ వైఫైలో ఉన్నంతసేపూ ఫోల్డర్లు తెరుచుకుంటూనే ఉంటాయి. కాబట్టి డిజేబుల్ చేశాక ఎస్ఎంబీస్టేటస్ -పీ చూసి, అతని పేరున్న లైను కనబడితే నాలుగో మెట్టులో చెప్పినట్టే ఆ పీఐడీని దించండి. మళ్ళీ కలవబోతే ఈసారి పాస్‌వర్డ్ దగ్గరే ఆగుతాడు. తిరిగి పనిలో చేరితే డీ బదులు ఈ పెట్టి అదే కమాండ్ కొడితే పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది.